తుపాకీ చప్పుడు లేని పరుగు

వికలాంగుల అంతర్జాతీయ క్రీడలు ఎక్కడ మొదలయ్యాయని అడిగితే, తెలిసినవారు ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పేరు చెబుతారు. అది 1948 నాటి ముచ్చట. కాని దానికి 24 సంవత్సరాల ముందే, 1924 ఆగస్టులో, పారిస్ నగరంలో తొమ్మిది దేశాల బధిరులు ఒకచోట చేరి పరుగులు తీశారు, ఈదారు, సైకిళ్ళు తొక్కారు, టెన్నిస్ ఆడారు. ఆ పోటీలను ఏర్పాటు చేసినవారు వైద్యులూ కారు, దాతలూ కారు. యూజెన్ రూబెన్స్ అల్కే అనే ఫ్రెంచి దేశస్థుడు, ఆంట్వాన్ డ్రెస్ అనే బెల్జియం యువకుడు. ఇద్దరూ బధిరులే. తమ ఆటలను తామే నిర్మించుకున్నారు, నియమాలు తామే వ్రాసుకున్నారు, వాటికి ‘నిశ్శబ్ద క్రీడలు’ అని పేరు పెట్టుకున్నారు. నేడు మనం డెఫ్లింపిక్స్ అని పిలుస్తున్నవి అవే.

ఈ చరిత్రను మేము విజ్ఞాన సముపార్జన కోసం చదవలేదు. మా చిన్నమ్మాయికి పుట్టుకతోనే వినికిడి లేదు. ఇప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. తిరుచానూరులో మా ఇంటికి తెల్లవారుజామున ఒక వైపునుండి అమ్మవారి గుడి సుప్రభాతం, మరొక వైపునుండి ఫజ్ర్ అజాన్ వినిపిస్తాయి. ఆ రెండూ ఆమెకు చేరవు. దిండు క్రింద పెట్టుకున్న ఫోను వణికితే లేస్తుంది, వుజూ చేసుకుంటుంది, నమాజు చదువుతుంది. ఆ తరువాత పరుగెత్తడానికి వెళుతుంది. తిరుపతిలోని ఆమె పాఠశాల ఉపాధ్యాయులు ఆమె కాళ్ళలోని వేగాన్ని గుర్తించి రెండేళ్ళుగా శిక్షణ ఇస్తున్నారు. ఈ ఏడాది రాష్ట్రస్థాయి బధిర క్రీడలకు ఆమెను ఎంపిక చేశారు. పోటీలు కోస్తాలోని ఒక నగరంలో జరుగుతాయి. నాలుగు రోజుల ప్రయాణం. సమ్మతి పత్రంపై తండ్రి సంతకం కావాలి.

ఆ పత్రం మా ఇంటి బల్లమీద పన్నెండు రోజులు ఉండిపోయింది.

అమ్మాయి దాదీ అభ్యంతరం సూటిగా ఉంది: ఆడపిల్ల, అందులోనూ వినబడని పిల్ల, పరాయి ఊరిలో ఎవరేమి అన్నా తెలియదు, ఏమి జరిగినా చెప్పుకోలేదు. మామూ అభ్యంతరం మరికొంత లోతైనది. అతడు చదువుకున్నవాడు, ధర్మాన్ని ప్రేమించేవాడు. “బావగారూ, అల్లాహ్ గుడ్డివారిపై, కుంటివారిపై, రోగులపై భారం మోపలేదు. సడలింపు ఇచ్చాడు. ఆయనే సడలింపు ఇచ్చినప్పుడు మనమెందుకు ఈ బిడ్డను పోటీల్లోకి నెట్టాలి? ఇంట్లో గౌరవంగా ఉండనివ్వండి” అన్నాడు. బంధువులు చాలామంది తల ఊపారు. ‘బెహరీ’ అని ఆమెను పిలిచేవారు కూడా ఆ రోజు ఆమె గౌరవాన్ని గురించి మాట్లాడటం మాకు కొంత వింతగా తోచింది. అది వేరే విషయం.

మామూ చెప్పిన మాట తప్పు కాదు. దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన సడలింపు నిజం. అయితే ఆ సడలింపును దైవప్రవక్త (స) కాలంలో ఎలా అర్థం చేసుకున్నారన్నది చూడాలి గదా! ఉహుద్ యుద్ధ సందర్భంలో అమ్ర్ బిన్ జమూహ్ (రజి) ఉదంతం మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆయన కాలు తీవ్రంగా కుంటుబడినది. నలుగురు కుమారులు యుద్ధానికి సిద్ధమయ్యారు. తండ్రిని మాత్రం ఇంట్లో ఉండమన్నారు. మీకు మినహాయింపు ఉంది గదా, మేమున్నాము గదా అన్నారు. ఆయన నేరుగా ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి తన కుమారులు తనను ఆపుతున్నారని, ఈ కుంటి కాలితోనే స్వర్గంలో నడవాలన్నది తన కోరిక అని మొరపెట్టుకున్నారు. ప్రవక్త (స) ఆయనకు మినహాయింపు ఉన్నదని చెప్పారు. ఆపై కుమారుల వైపు తిరిగి, ఆయనను అడ్డుకోవద్దని సూచించారు. ఆయన ఆ యుద్ధంలో అమరగతి పొందారు.

ఈ ఉదంతాన్ని మేము ఎన్నోసార్లు విన్నాము, త్యాగానికి ఉదాహరణగా చెప్పుకున్నాము. ఈసారి మా దృష్టి కుమారులకు చెప్పిన మాటపై నిలిచింది. మినహాయింపు ఆ తండ్రి హక్కు. దానిని వాడుకోవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. ఆయన తరఫున కుమారులు దానిని వాడి, వాకిలి మూయడానికి వీలు లేదు. యుద్ధం వేరు, ఆటలపోటీ వేరు. రెండూ ఒకటేనని మేము అనడం లేదు. ఇంటివారి ప్రేమ ఎక్కడ ఆగాలన్నది మాత్రం రెండుచోట్లా ఒకే ప్రశ్న.

అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) సంగతి సరేసరి. ఆయన అంధుడు. ఆయన రాకపట్ల చూపిన కొద్దిపాటి విముఖత కారణంగా ‘అబస’ సూరా అవతరించింది. అటుపిమ్మట ప్రవక్త (స) ఆయనను జాలి చూపవలసిన వ్యక్తిగా ఒక మూల కూర్చోబెట్టలేదు. మస్జిదె నబవీలో ముఅజ్జిన్‌గా నియమించారు. తాను మదీనా విడిచి వెళ్ళిన అనేక సందర్భాల్లో పట్టణ బాధ్యత అప్పగించారు. రమజాన్‌లో బిలాల్ (రజి) అజాన్ విన్నా ప్రజలు సహరీ భుజిస్తూనే ఉండేవారు. ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ విన్న తరువాత ఆపేవారు. తెల్లవారినదని ఎవరో చెబితే తప్ప తెలియని మనిషి కంఠాన్ని బట్టి ఊరంతా ఉపవాసం ప్రారంభించేది. సహాయం చేసేవాడొకడు ప్రక్కన ఉంటే చాలు, బాధ్యతకు అంధత్వం అడ్డు కాలేదు.

మళ్ళీ చరిత్రలోకి వద్దాము. స్టోక్ మాండెవిల్ వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ యూదుడు. నాజీల దౌర్జన్యం భరించలేక 1939లో జర్మనీ విడిచి ఇంగ్లాండు చేరాడు. 1944లో వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం అక్కడొక విభాగం ప్రారంభించాడు. ఆ రోజుల్లో నడుము క్రింద చచ్చుబడిన రోగి కొద్ది నెలలకు మించి బ్రతకడని వైద్యులే వదిలివేసేవారు. ఒకే వైపు పడుకోవడంవల్ల ఒంటిపై పుండ్లు పడి, మూత్రకోశంలో చీము పట్టి చనిపోయేవారు. గుట్‌మన్ ప్రతి రెండు గంటలకూ రోగులను ప్రక్కకు తిప్పించాడు. పని నేర్పించాడు. చేతికి బంతి ఇచ్చాడు, విల్లు ఇచ్చాడు. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, చక్రాల కుర్చీల్లో కూర్చున్న 16 మంది ఆసుపత్రి పచ్చికపై విలువిద్య పోటీలో పాల్గొన్నారు. వారిలో ఇద్దరు స్త్రీలు. 1952లో హాలండు నుండి సైనికులు వచ్చారు, పోటీ అంతర్జాతీయమైంది. 1960లో రోమ్‌లో 23 దేశాలనుండి 400 మంది వచ్చారు. పారాలింపిక్స్ లెక్క అక్కడినుండి మొదలవుతుంది. 2024లో పారిస్‌కు సుమారు 4,400 మంది వెళ్ళారు. మన దేశం 29 పతకాలు తెచ్చుకుంది.

మన దేశపు మొదటి పారాలింపిక్ స్వర్ణం కూడా ఒక సైనికునిదే. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము క్రింది భాగం పట్టు కోల్పోయిన మురళీకాంత్ పేట్కర్, 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఈతలో గెలిచాడు. ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చినది 2018లో. నలభైఆరేళ్ళు పట్టింది. వ్యాఖ్య అనవసరం.

తిరుపతి ప్రాంతంలో నివసించేవారికి ఈ ఆసుపత్రి కథ దగ్గరిదిగా అనిపిస్తుంది. దేవస్థానం వారి బర్డ్ ఆసుపత్రికి రాయలసీమ అంతటినుండి, సరిహద్దు అవతలి తమిళ, కన్నడ గ్రామాల నుండి పోలియో సోకిన పిల్లలను ఎత్తుకుని తల్లులు వచ్చేవారు. వారిలో బురఖా ధరించిన తల్లులు తక్కువేమీ కాదు. శస్త్రచికిత్స, ఇనుప పట్టీలు, చంకకర్రలు. నేలపై ప్రాకిన పిల్లలు లేచి నిలబడటం ఈ ఊరివారు కళ్ళారా చూశారు. కాని నిలబడిన తరువాత ఆ పిల్లలు ఎక్కడికి వెళ్ళారు? మనకు వికలాంగులు కనిపించేది ఎక్కువగా రెండు చోట్ల: ఆసుపత్రి వరండాలో, లేదా గుడి ముందు, శుక్రవారం నాడు మసీదు ముందు, చేయి చాచి. గుట్‌మన్ చేసిన గొప్ప పని మూడవ చోటును చూపించడం. మేము ఆ మూడవ చోటును గురించే పన్నెండు రోజులు ఆలోచించాము.

ఇక్కడొక చిక్కు ఉంది. పారాలింపిక్స్‌లో బధిరులు లేరు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. 1989లో అంతర్జాతీయ పారాలింపిక్ సంఘం ఏర్పడిన తరువాత బధిరుల సంఘం కొంతకాలం దానిలో ఉండి, 1995లో వెలుపలికి వచ్చింది. తమకు శరీరంలో లోటు లేదని, భాష మాత్రమే వేరని వారి వాదం. సంజ్ఞల భాష తెలిసిన న్యాయనిర్ణేతలు, తమవారే నడిపే సంఘం వారికి ముఖ్యం. ఆ స్వాభిమానానికి వారు మూల్యం చెల్లిస్తున్నారు. పారాలింపిక్స్‌ను టీవీల్లో చూపిస్తారు. డెఫ్లింపిక్స్ ఎప్పుడు జరిగాయో కూడా చాలామందికి తెలియదు. నిధులు తక్కువ, పేరు తక్కువ.

నియమాలు మాత్రం చక్కగా ఉన్నాయి. మెరుగైన చెవిలో కూడా కనీసం 55 డెసిబెల్స్ వినికిడి లోపం ఉన్నవారే అర్హులు. మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది గనుక, ఎదుటివారి మాట అతి లీలగా తప్ప వినబడని స్థితి అన్నమాట. పోటీ సమయంలో వినికిడి యంత్రాలు తీసివేయాలి. అందరూ ఒకే నిశ్శబ్దంలో ఉండాలి. పరుగు ప్రారంభానికి తుపాకీ ఉండదు. పరుగెత్తేవారి ముందు చిన్న దీపాలుంటాయి. ఎరుపు వెలిగితే గీత దగ్గర కూర్చోవాలి, పసుపు వెలిగితే సిద్ధం కావాలి, పచ్చ వెలిగితే పరుగెత్తాలి. ఫుట్‌బాల్‌లో ఈలకు బదులు జెండా ఊపుతారు. మా అమ్మాయి సాధన చేసే మైదానంలో ఆ దీపాలు లేవు. ఉపాధ్యాయుడు చేతిలోని తువ్వాలును క్రిందికి విదిలిస్తే అదే పచ్చ దీపం. ‘చెవిటివాని ముందు శంఖమూదినట్లు’ అని మన తెలుగువారు తేలికగా అనేస్తారు. శంఖానికి బదులు దీపం పెట్టవచ్చునన్న ఆలోచన సామెత చెప్పినవారికి తట్టలేదు కాబోలు.

ఈ నిశ్శబ్ద క్రీడల్లో మన బిడ్డ ఒకరున్నారు. కర్నూలుకు చెందిన షేక్ జాఫ్రీన్. 2022 మే నెలలో బ్రెజిల్‌లోని కాషియాస్ దో సుల్ నగరంలో జరిగిన డెఫ్లింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్య పతకం సాధించారు. టెన్నిస్‌లో చెవికి కూడా పని ఉంటుంది. ఎదుటివారి రాకెట్ నుండి వచ్చే చప్పుడును బట్టి బంతి ఎంత బలంగా, ఏ మెలికతో వస్తున్నదో ఆటగాళ్ళు క్షణంలో పసిగడతారు. ఆ సమాచారమంతా కంటితోనే సేకరించుకోవలసిన ఆట ఆమెది. ఆ సారి మన దేశానికి 16 పతకాలు వచ్చాయి. హైదరాబాద్ యువకుడు ధనుష్ శ్రీకాంత్ తుపాకీ గురిలో రెండు స్వర్ణాలు తెచ్చాడు. 2025లో టోక్యోలో మళ్ళీ స్వర్ణం గెలిచాడు. ఈ రాయలసీమ గడ్డమీద, ఒక ముస్లిం ఇంట పుట్టిన బధిర బాలిక ఖండాంతరం వెళ్ళి పతకంతో తిరిగివచ్చిందన్న సంగతి మా బంధువుల్లో ఒక్కరికీ తెలియదు. సానియా మీర్జా పేరు అందరికీ తెలుసు.

వరంగల్ జిల్లా కల్లెడ గ్రామానికి చెందిన జీవాంజి దీప్తి పేరు మాత్రం ఇప్పుడు కొందరికి తెలుసు. మేధోపరమైన లోపంతో పుట్టిన ఆ బిడ్డను ఊరివారు హేళన చేశారు. అనాథాశ్రమానికి పంపమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. కూలిపని చేసుకునే ఆ తల్లిదండ్రులు వినలేదు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

దీప్తి పరుగు వెనుక ఒక చేదు అధ్యాయం ఉంది. 2000 సంవత్సరంలో సిడ్నీలో ఆమెవంటి వారి విభాగంలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు స్వర్ణం గెలిచింది. తరువాత తెలిసినదేమంటే, పన్నెండుమంది ఆటగాళ్ళలో పదిమందికి ఏ లోపమూ లేదు! జట్టులోనే ఉన్న ఒక పత్రికా రచయిత బయటపెట్టాడు. పతకాలు వెనక్కి తీసుకున్నారు. శిక్ష మాత్రం మోసగాళ్ళతో ఆగలేదు. మేధోపరమైన లోపం ఉన్నవారి పోటీలన్నిటినీ నిలిపివేశారు. 2004 పోయింది, 2008 పోయింది. 2012లో లండన్‌లో గాని వాకిలి తిరిగి తెరుచుకోలేదు. ఆ పన్నెండేళ్ళలో ఎందరు దీప్తిల వయసు గడిచిపోయిందో! బలవంతుడు బలహీనుని హక్కును కాజేస్తే, నష్టపరిహారం బలహీనుడే చెల్లించడం లోకరీతి.

మామూ మరొక ప్రశ్న వేశాడు. ఆడపిల్ల దుస్తుల మాటేమిటి? న్యాయమైన ప్రశ్నే. హజ్రత్ ఆయిషా (రజి)తో ప్రవక్త (స) పరుగుపందెం పెట్టుకున్న ఉదంతాన్ని మేము జ్ఞాపకం చేశాము. అతడు వెంటనే, అప్పుడు ఆయన సహచరులను ముందుకు సాగిపొమ్మన్నారని గుర్తు చేశాడు. ఆ మాట నిజం. అందువల్ల మేము ఆ ఉదంతాన్ని వాదానికి వాడుకోదలచలేదు. ఇరాన్ విలుకత్తె జహ్రా నేమతీని మాత్రం చూపించాము. ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన ఆమె 2012లో లండన్‌లో స్వర్ణం గెలిచింది; ఒలింపిక్స్‌లో గాని పారాలింపిక్స్‌లో గాని స్వర్ణం పొందిన తొలి ఇరాన్ మహిళ ఆమే. 2016లో రియో ఒలింపిక్స్‌లో చక్రాల కుర్చీలో, తలపై ముసుగుతో, తన దేశపు పతాకాన్ని పట్టుకుని అందరికంటే ముందు సాగింది. తల కప్పుకోవడం ఆమె బాణానికి అడ్డు రాలేదు. మా శ్రీమతి అదే రోజు తిరుపతి వెళ్ళి పొడవు చేతుల చొక్కా, మడమలదాకా వచ్చే లాగు, బిగుతుగా నిలిచే తలగుడ్డ కొని తెచ్చింది. వాదం ముగియకముందే దుస్తులు ఇంటికి వచ్చేశాయి.

ఈ చర్చల మధ్య అమ్మాయి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది, చేతులతోనే. జుమా నాడు ఇమామ్ సాహెబ్ ఏమి చెబుతారు? మేము ఇంటికి వచ్చి క్లుప్తంగా సంజ్ఞలతో చెప్పేవాళ్ళము. మక్కాలోని మస్జిదుల్ హరామ్‌లో శుక్రవారపు ఖుత్బాను బధిరుల కోసం సంజ్ఞల భాషలో అందిస్తున్నారు. మన పట్టణాల్లో ఎన్ని మసీదుల్లో ఆ ఏర్పాటు ఉంది? ఎన్ని మసీదుల మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి ఉంది? వుజూ ఖానాలో చంకకర్రతో వచ్చినవాడు ఎక్కడ కూర్చుంటాడు? మసీదు కమిటీలు ఏటా రంగులు వేయిస్తాయి, తివాచీలు మారుస్తాయి. ఒక వాలుదారికి అయ్యే సిమెంటు ఎంత?

పదమూడవ రోజున మేము సంతకం చేశాము. అమ్మాయి వెంట తల్లి వెళుతుంది, మేమూ వెళుతున్నాము. బిడ్డ తిండి, నమాజు ఎవరు చూస్తారని దాదీ కూడా తన చిన్న పెట్టె సర్దుకుంది. ఆమెను కాదనగలవారు మా ఇంట్లో లేరు. వినికిడి పరీక్ష పత్రం, వైకల్య గుర్తింపు కార్డు నకళ్ళు రెండేసి తీయించి పెట్టాము, అవి లేకపోతే గీత దాకా కూడా రానివ్వరని ఉపాధ్యాయులు చెప్పారు. మన పాఠకుల ఇళ్ళలో ఇటువంటి బిడ్డలుంటే ఆ రెండూ ముందుగానే చేయించుకోవడం మంచిది, ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి వారాలు పడుతుంది.

మామూ అభిప్రాయం మారలేదు. ఆ మాట అతడు దాచలేదు. అయితే గాజుల దుకాణం నాలుగు రోజులు మూసివేస్తే ఎలాగని మేము సందేహిస్తుంటే, తాళాలు తనకిచ్చి వెళ్ళమన్నాడు.